కిల్ట్ కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

స్కాట్లండ్‌కు చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లలో ఏడాదికి నలుగురైదుగురు నన్ను ఇదే అడుగుతారు. "పెళ్లికి అద్దెకు తెచ్చుకునేది కాదండీ. శనివారం బయటికి వెళ్లేటప్పుడు జీన్స్ బదులు వేసుకునే కిల్ట్ కావాలి. చవగా ఉండాలి, ఉతుక్కోగలగాలి. ఏది కొనమంటారు?" కిల్ట్ అంటే ఇక్కడి మగవాళ్లు నడుముకు చుట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల గళ్ల గుడ్డ. ప్రతిసారీ ఫోనులో గంటసేపు చెప్పడం కన్నా ఒకసారి రాసిపెట్టడం నయమనిపించింది.

నా మొదటి కిల్ట్‌ను నేను రంగు చూసి కొన్నాను. ఎర్రటి గళ్లు, అద్దంలో ముందు నుంచి చూస్తే ముచ్చటగా ఉంది. ఎడిన్‌బర్గ్‌లో పర్యాటకులు తిరిగే వీధిలో దుకాణం, 35 పౌండ్లు. వారం తర్వాత నార్త్ బ్రిడ్జి మీద నడుస్తుంటే గాలి కింద నుంచి ఒక్కసారిగా లేపింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి గుడ్డను అదిమి పట్టుకుని, వంతెన అవతలి దాకా అలాగే నడిచాను. ఇంటికి వచ్చి విప్పి తిరగేసి చూస్తే సంగతి తెలిసింది. కుచ్చిళ్లు ఒక్కొక్కటి అంగుళం లోతు కూడా లేవు. నడుం పట్టీ కింద రెండంగుళాలు కుట్టి, మిగతాది గాలికి వదిలేశారు.

కిల్ట్ ముందు భాగం చదునుగా ఉండే గుడ్డ ముక్క, అంతే. పనితనమంతా వెనక కుచ్చిళ్లలో ఉంటుంది. చీర కుచ్చిళ్లు ముందుంటాయి కాబట్టి కంటికి ఆనతాయి. ఇవి వెనకుంటాయి కాబట్టి కొనేవాడు చూడడు. కింద రాసినదంతా దాదాపు ఈ ఒక్క పొరపాటు చుట్టూ తిరుగుతుంది.

ముందుగా కావలసినవి

- దర్జీలు వాడే మెత్తటి కొలత టేపు. ఇనుప టేపుతో నడుము కొలవవద్దు.
- కొలవడానికి ఇంకొక మనిషి. ఎవరికి వారు కొలుచుకుంటే పొడవు తప్పకుండా తప్పుతుంది. కారణం రెండో మెట్టులో చెబుతాను.
- మీరు రోజూ వేసుకునే బూట్లు, ఒక టీషర్టు.
- వెనక నుంచి ఫొటో తీయడానికి ఫోను.
- ఎంత ఖర్చు పెట్టాలో ముందే అనుకున్న ఒక అంకె. నేను చూస్తున్న ధరలు సుమారుగా ఇలా ఉన్నాయి: పర్యాటకుల దుకాణాల్లో అక్రిలిక్ (ఉన్నిని పోలిన కృత్రిమ గుడ్డ) కిల్ట్ 30 నుంచి 60 పౌండ్లు, పాలిస్టర్–విస్కోస్ గుడ్డతో కుట్టినది 60 నుంచి 150, చేత్తో కుట్టిన ఎనిమిది గజాల ఉన్ని కిల్ట్ 400 నుంచి పైకి.

1. ఎలాంటిది కావాలో తేల్చుకోండి

దుకాణంలో అడుగుపెట్టాక తేల్చుకుందామనుకుంటే అమ్మేవాడే తేల్చేస్తాడు. రోజువారీకి పనికొచ్చేవి మూడు రకాలు.

మొదటిది అయిదు గజాల సాదా కిల్ట్. అచ్చమైన సంప్రదాయ కిల్ట్‌కు దాదాపు ఎనిమిది గజాల గుడ్డ, అంటే ఏడు మీటర్లకు పైన పడుతుంది. అంత గుడ్డ నడుముకు చుట్టుకుని సూపర్ మార్కెట్‌కు వెళ్లనక్కరలేదు. అయిదు గజాలది తేలిక, చవక. కుచ్చిళ్లు కాస్త తక్కువైనా చూపుకు కిల్ట్‌లాగే ఉంటుంది.

రెండోది యుటిలిటీ కిల్ట్. గట్టి నూలు గుడ్డ, పక్కన పెద్ద జేబులు, బకిల్స్ బదులు ప్రెస్ బటన్లు. 2000లో అమెరికాలోని సియాటిల్‌లో యుటిలికిల్ట్స్ అనే సంస్థ ఈ రకంతోనే మొదలైంది. ఇప్పుడు చాలామంది కుడుతున్నారు. తోటపని, కొండలెక్కడం, సామాన్లు మోయడం మీ పనులైతే ఇదే తీసుకోండి. వాటి జేబులతో ఒక చిక్కుంది. ఫోను, తాళాలు వేసుకుని మెట్లు దిగితే అవి తొడను కొడుతూనే ఉంటాయి. పైకి అతికించిన జేబుల కన్నా కుచ్చిళ్ల లోపల దాచి కుట్టిన జేబులు మేలు.

మూడోది వాడిన ఉన్ని కిల్ట్. దీని గురించి అయిదో మెట్టులో.

2. కొలతలు తీసుకోండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. జీన్స్ మీద రాసి ఉన్న అంకెను కిల్ట్‌కు వాడవద్దు. జీన్స్ తుంటి ఎముకల మీద నిలుస్తుంది. సంప్రదాయ కిల్ట్ బొడ్డు మట్టంలో నిలుస్తుంది. నా జీన్స్ 34, బొడ్డు దగ్గర టేపు పెడితే 37. ఆ మూడంగుళాల తేడాతో కొన్న కిల్ట్ బకిల్ పడనే పడదు.

*నడుము:* బొడ్డు మట్టంలో, పలుచటి టీషర్టు మీద, మామూలుగా ఊపిరి వదిలి కొలవండి. పొట్ట లోపలికి లాక్కుని తీసిన కొలత భోజనం చేసేవరకే పనికొస్తుంది.

*పిరుదులు:* మడమలు కలిపి నిలబడి, వెనక అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట చుట్టూ కొలవండి. టేపు తాకుతూ ఉండాలి, బిగియకూడదు. కుచ్చిళ్లు సరిగ్గా వేలాడాలంటే ఈ కొలతే ముఖ్యం. నడుము కొలత అంగుళం తప్పినా పట్టీలతో సర్దుకోవచ్చు, దీనికి ఆ వెసులుబాటు లేదు.

*పొడవు:* బొడ్డు మట్టం నుంచి మోకాలి చిప్ప మధ్య వరకు. మీరు నిటారుగా నిలబడి ఎదుటి గోడ వైపు చూస్తుండాలి, కొలిచేది రెండో మనిషి. అంకె ఎంత వచ్చిందోనని తల వంచితే నడుము వంగుతుంది, కొలత తగ్గుతుంది.

సాదా రకాల్లో కొన్ని జీన్స్ మట్టంలోనే కట్టుకోవడానికి కుడతారు. అవి కొనేటప్పుడు నడుము, పొడవు కొలతలను ఆ మట్టం నుంచే తీసుకోవాలి. ఏ మట్టంలో నిలుస్తుందో అమ్మేవారిని ముందే అడగండి. బొడ్డు నుంచి కొలిచిన పొడవుతో తుంటి మీద నిలిచే కిల్ట్ కొంటే అది పిక్కల దాకా జారుతుంది.

రెడీమేడ్‌గా ఎక్కువగా దొరికేది 24 అంగుళాల పొడవు. అయిదున్నర అడుగుల మనిషికి అది మోకాలిని పూర్తిగా కప్పేస్తుంది. కొని, కింద మడిచి కుట్టిద్దాం అనుకోవద్దు. మంచి కిల్ట్‌కు కింద మడత ఉండదు. నేతలో వచ్చిన అంచే దాని అంచు. మడిస్తే కుచ్చిళ్లన్నీ అడుగున లావెక్కి గంటలా విచ్చుకుంటాయి. మీ కొలత 22 వస్తే 22 పొడవున్నదే వెతకండి.

3. గుడ్డ ఎంచుకోండి

పాలిస్టర్–విస్కోస్ కలిపి నేసిన గుడ్డను ఇక్కడ క్లుప్తంగా పీవీ అంటారు. రోజువారీకి నేను మొదట చెప్పేది ఇదే. చూడటానికి ఉన్నిలా ఉంటుంది, కుచ్చిళ్ల గీత నిలుస్తుంది, ఇంట్లో మెషీన్‌లో వేయవచ్చు. ఒంటికి గరుకుగా తగలదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఉన్న మార్టన్ మిల్స్ ఈ గుడ్డ నేతకు పేరున్న మిల్లు. అమ్మేవారు ఏ మిల్లు గుడ్డో చెప్పగలిగితే అది మంచి గుర్తు.

అక్రిలిక్ అయితే వద్దు. నెలలో కూర్చునే చోట నూగు ఉండలు కడుతుంది. ఇస్త్రీ పెట్టె కాస్త వేడెక్కితే గుడ్డ మెరుపు తేలుతుంది, ఆ మెరుపు మళ్లీ పోదు. పైగా తేలిక కాబట్టి నార్త్ బ్రిడ్జి దాటేటప్పుడు నా గతే పడుతుంది. ఒక్కసారి ఫొటోకు, పార్టీకి వేసుకుని మానేస్తానంటే మీ ఇష్టం.

నూలు గుడ్డ గట్టిది, కాని నలుగుతుంది. వానలో తడిస్తే బరువెక్కి ఆరడానికి చాలాసేపు పడుతుంది. స్కాట్లండ్‌లో వాన ఎప్పుడు వస్తుందో చెప్పలేం కదా.

ఉన్ని అన్నిటికన్నా బాగా వేలాడుతుంది. దీని బరువును గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు. 10, 11 ఔన్సులది పలుచన, 13 మధ్యస్థం, 16 దళసరి. గాలి ఎక్కువగా ఉండే ఊరైతే 13 కన్నా తగ్గవద్దు. 16 ఔన్సులది వేసుకుని నగరం బస్సులో కూర్చుంటే మాత్రం జనవరిలో కూడా చెమట పడుతుంది.

చీటీ మీద 'ఉన్ని మిశ్రమం' అని మాత్రమే రాసి, ఎంత శాతమో రాయకపోతే దాన్ని అక్రిలిక్ కిందే జమకట్టండి.

4. కుచ్చిళ్లను పరీక్షించండి

కిల్ట్‌ను బల్ల మీద బోర్లా పరచండి. ఇక్కడ అయిదు నిమిషాలు ఖర్చు పెట్టండి, అమ్మేవారు ఏమనుకున్నా సరే.

ఒక కుచ్చిని వేళ్లతో తెరిచి చూపుడువేలు లోపలికి పెట్టండి. వేలు మొత్తం దూరితే మంచిది. రెండో కణుపు దగ్గరే ఆగిపోతే గుడ్డ పొదుపు చేశారని అర్థం.

తర్వాత, కుచ్చిళ్లను ఎక్కడి వరకు కుట్టారో చూడండి. నడుము నుంచి పిరుదుల వెడల్పు దాకా ప్రతి కుచ్చీ కుట్టి ఉండాలి. కుట్టిన ఆ భాగం పైన సన్నగా, కిందికి వచ్చేకొద్దీ వెడల్పుగా ఉండాలి. మనిషి ఒళ్లు అలాగే ఉంటుంది కాబట్టి. పై నుంచి కింది దాకా ఒకే వెడల్పుతో కుట్టినది ఒంటికి అతకదు.

ఇప్పుడు రెండడుగులు వెనక్కి జరిగి గళ్లు చూడండి. కుచ్చిళ్లు మూసి ఉన్నప్పుడు వెనకవైపు కూడా గళ్ల వరస తెగకుండా సాగుతుంటే, కుట్టినవాళ్లు ప్రతి మడతనూ లెక్కపెట్టి వేశారన్నమాట. సైనిక దళాల పద్ధతిలో ప్రతి కుచ్చి మీదా ఒకే గీత వచ్చేలా వేయడమూ ఉంది, అదీ మంచిదే. ఈ రెండూ కాక గీతలు ఇష్టం వచ్చినట్టు పడి ఉంటే పక్కన పెట్టేయండి.

ఒకటి చెప్పాలి. మంచి ఉన్ని కిల్ట్‌లో ఏదో ఒక కుచ్చి లోపల నిలువునా అతుకు కనిపిస్తుంది. లోపమనుకుని బేరం చెడగొట్టుకోవద్దు. వెడల్పాటి గుడ్డను నిలువుగా రెండు చీల్చి, చివరలు కలిపి కుట్టడం ఇక్కడ మామూలు పద్ధతి. ఆ అతుకు కుచ్చి లోపల దాగి ఉండాలి, అంతే. బయటికి కనిపిస్తేనే తప్పు.

చివరగా బకిల్స్. తోలు పట్టీలు అయితే చేతితో మెలిపెట్టి చూడండి. తోలును పోలిన ప్లాస్టిక్ అప్పుడే పగుళ్లు చూపిస్తుంది.

5. ఎక్కడ కొనాలి

డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవాళ్లకు నా సలహా: కిల్ట్‌లు అద్దెకిచ్చే దుకాణాలకు వెళ్లి, పాతవి అమ్మేస్తున్నారా అని అడగండి. కొన్నాళ్లు తిప్పాక వాళ్లు వాటిని తీసేస్తారు. ఎందరో వేసుకునేలా కుట్టినవి కాబట్టి నడుము సర్దుకోవడానికి వీలు ఎక్కువ. విరాళంగా వచ్చిన పాత వస్తువులు అమ్మే ఛారిటీ దుకాణాల్లో కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి. వాడినదాన్ని కిటికీ వెలుగుకు ఎదురుగా ఎత్తిపట్టి చూడండి. సూది మొనంత చుక్కలు వెలుగుతుంటే చిమ్మెటలు తిన్నాయన్నమాట. అది ఇంటికి తెస్తే బీరువాలో మిగతా ఉన్ని బట్టలకూ చేటు. నడుము ఒకటి రెండు అంగుళాలు తేడా ఉంటే బకిల్స్ జరిపి కుట్టించవచ్చు, ఖర్చు తక్కువే. పిరుదుల దగ్గర తేడా ఉంటే వదిలేయండి.

ఆన్‌లైన్‌లో కొంటే ఒక నియమం గుర్తుపెట్టుకోండి. బ్రిటన్‌లో దుకాణాల నుంచి ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును, అందిన 14 రోజుల్లోగా వద్దని చెప్పే హక్కు ఉంది. కాని మీ కొలతలు ఇచ్చి ప్రత్యేకంగా కుట్టించుకున్నదానికి ఆ హక్కు వర్తించదు. అందుకే మొదటి కిల్ట్‌ను రెడీ సైజులో తీసుకోండి. దాంతో మీ కొలత సరిచూసుకున్నాక రెండోది కుట్టించుకోండి.

6. గళ్ల సంగతి

"మనకు వంశం గళ్లు ఉండవు కదా, వేసుకోవచ్చా?" వేసుకోవచ్చు. ఈ గళ్లను టార్టన్ అంటారు. ఫలానావాళ్లే వేసుకోవాలని చట్టమేమీ లేదు. 2008లో వచ్చిన చట్టం ప్రకారం టార్టన్‌ల అధికారిక పట్టిక ఒకటి ఉంది, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. రాజకుటుంబం తమకోసం ఉంచుకున్న బాల్మోరల్ లాంటి ఒకటి రెండింటి జోలికి ఎలాగూ మీరు వెళ్లరు, దుకాణంలో దొరకవు కూడా.

ఎవరికైనా నప్పేది బ్లాక్ వాచ్ అనే టార్టన్. ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం, నలుపు. మరక పడినా కనబడదు, ఏ టీషర్టు మీదికైనా కలుస్తుంది. ఎర్రటి రాయల్ స్టూవర్ట్ అందంగానే ఉంటుంది కాని బిస్కెట్ డబ్బాల మీద, గొడుగుల మీద అంతటా అదే కాబట్టి ఊరు చూడటానికి వచ్చినవారనుకుంటారు. గళ్లే వద్దనుకుంటే బూడిద రంగు సాదా గుడ్డ తీసుకోండి. మా నాన్నగారు వీడియోలో నా బ్లాక్ వాచ్‌ను చూసి "గళ్ల లుంగీ కట్టుకుని ఆఫీసుకు వెళ్తున్నావా?" అన్నారు. కుచ్చిళ్లు చూపించాక కూడా ఆయన అభిప్రాయం మారలేదు.

7. కట్టుకుని సరిచూసుకోండి

కుచ్చిళ్లు వెనక. ఇది రాయాల్సిన పనిలేదనుకున్నాను కాని ముందు వైపు పెట్టుకుని తిరిగేవారిని ఏటా చూస్తూనే ఉన్నాను. ముందు వైపు ఒకదాని మీద ఒకటి పడే రెండు చదును ముక్కలుంటాయి. వెనక నుంచి చుట్టి, లోపలి ముక్కను కుడి నుంచి ఎడమకు తెచ్చి, దాని పట్టీని ఎడమ వైపు చీలికలోంచి బయటికి తీసి బిగించండి. తర్వాత పై ముక్కను ఎడమ నుంచి కుడికి తెచ్చి కుడివైపు బిగించండి. పోగులు వేలాడే అంచు మీ కుడికి రావాలి.

ఇప్పుడు పరీక్షలు:

- మోకాళ్ల మీద నిటారుగా నిలబడండి. అంచు నేలను తాకీ తాకకుండా, లేదా అంగుళం పైన ఉంటే పొడవు సరిపోయింది. నేల మీద గుడ్డ పోగుపడితే పొడవు ఎక్కువ.
- లేచి నిలబడి వెనక నుంచి ఫొటో తీయించుకోండి. కుచ్చిళ్లు తిన్నగా, మూసుకుని నేలవైపు దిగాలి. కింద విచ్చుకుంటే పిరుదుల దగ్గర బిగుతుగా ఉందని అర్థం.
- ముందు ముక్క అంచు నిలువుగా ఉందా? మధ్యలో పక్కకు లాగినట్టు వంపు తిరిగితే కూడా కారణం అదే.
- లోపలి ముక్క కింద నుంచి తొంగిచూడకూడదు. చూస్తే దాని పట్టీని కాస్త పైకి లాగి బిగించండి.
- కూర్చోండి. కూర్చునేముందు అరచేతితో వెనక కుచ్చిళ్లను కిందికి దువ్వి, వాటి మీద కూర్చోవాలి. లేకపోతే లేచేసరికి నలిగిపోతాయి, బస్సు సీటు తడి కాళ్లకు తగులుతుంది.
- మెట్లు ఎక్కి దిగండి, నాలుగడుగులు వేగంగా నడవండి. నడుము దగ్గర తిరిగిపోతుంటే వదులు.

8. దేనితో వేసుకోవాలి

సాదా టీషర్టు లేదా స్వెటర్, చీలమండ దాకా వచ్చే బూట్లు, కిందికి జార్చిన దళసరి మేజోళ్లు. చాలు. పెళ్లికి వేసే వెండి గుండీల కోటు, పొడవాటి లేసుల బూట్లు శనివారం సంతలో వేసుకుంటే పెళ్లి బృందం నుంచి తప్పిపోయినవారిలా ఉంటారు.

మామూలు కిల్ట్‌కు జేబులుండవు. ముందు వేలాడే స్పోరన్ అనే సంచీ అందుకే. బొచ్చుది కాక సాదా తోలుది తీసుకోండి. బెల్టు కింద నాలుగు వేళ్ల దూరంలో వేలాడాలి. ఇంకా కిందికైతే నడిచేటప్పుడు కొడుతుంది. స్పోరన్ ఇష్టం లేకపోతే భుజానికి చిన్న సంచీ వేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. పిన్ను పెట్టుకుంటే పై ముక్కకు మాత్రమే గుచ్చాలి. రెండింటికీ కలిపి గుచ్చితే అడుగు వేయగానే గుడ్డ చిరుగుతుంది. మేజోడులో పెట్టుకునే చిన్న కత్తి రోజువారీకి వద్దు. విమానంలో చేతిసంచీలో అసలే వద్దు.

లోపల ఏం వేసుకోవాలని అందరూ గొంతు తగ్గించి అడుగుతారు. నిక్కరు వేసుకోండి. దీని మీద ఇక్కడివాళ్ల హాస్యాలు వాళ్లకే వదిలేయండి. గాలి మీద నాకు నమ్మకం లేదు.

వేసవిలో ఉత్తరాన కొండల ప్రాంతమైన హైలాండ్స్ వెళ్తుంటే మోకాళ్లకు దోమల మందు రాసుకోండి. అక్కడ మిడ్జ్ అనే చిన్న పురుగులు సాయంత్రం గుంపులుగా వచ్చి బయట కనిపించిన చర్మాన్నంతా కుడతాయి.

9. ఉతకడం, దాచడం

పీవీ అయితే చీటీ చూసి, చల్లటి నీటిలో, కుచ్చిళ్ల అడుగున క్లిప్పులు పెట్టి, వల సంచీలో వేయండి. పిండవద్దు. తడిగా ఉన్నప్పుడే కుచ్చిళ్లు సర్ది, నడుము పట్టీ పట్టి నిలువుగా వేలాడదీస్తే ఆరేసరికి ఇస్త్రీ పని సగం తగ్గుతుంది.

ఉన్నిని మెషీన్‌లో వేయకండి, ముడుచుకుపోతుంది. వేసుకున్న ప్రతిసారీ ఒక రాత్రి గాలికి ఉంచి, మరకను తడిగుడ్డతో తుడిస్తే చాలు. డ్రైక్లీనింగ్‌కు ఏడాదికి ఒకసారి ఇచ్చినా ఎక్కువే. ఇచ్చేముందు కుచ్చిళ్లను అడుగున పొడవాటి కచ్చాకుట్లతో కలిపి కుట్టండి. కుట్టకుండా ఇస్తే వాళ్లు తమ లెక్కన మడతలు పెట్టి ఇస్త్రీ చేస్తారు. అలా ఒకసారి నాకు పాత గీత పక్కనే కొత్త గీతతో, ప్రతి కుచ్చికీ రెండేసి గీతలతో తిరిగొచ్చింది. తడిగుడ్డ వేసి ఒక్కో కుచ్చిని ఆవిరితో సరిచేయడానికి ఆదివారమంతా పట్టింది. అదీ ఎడమవైపు మూడు కుచ్చిళ్లకు ఇంకా పోలేదు.